వెంట వెళ్ళే ఆవిడ

“కాలర్లు గట్టిగా రుద్దు జ్యోతీ, యూనివర్సిటీ వాళ్ళు ముందు కాలర్లే చూస్తారు,” అన్నారు మా ఆయన, ఎండాకాలం సెలవులయ్యాక ట్రంకుపెట్టెలోంచి తీసిన జెర్సీల మూటని పంపు దగ్గర దించుతూ.

వాలీబాల్ ఆడేవాడి కాలరు చూసేవాళ్ళుంటారని నాకు తెలీదు. కాలరు పట్టుకునేవాళ్ళని మాత్రం మా గ్రౌండులో చాలామందిని చూశాను. అయినా రుద్దాను. మా ఆయన త్రినాథ్ గారు మా ఊరి డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరు. ఊరంతా పీడీ గారంటారు. పీడీ గారి పెళ్ళాన్ని కాబట్టి నేను పీడితురాలిని అని నాలో నేనే అనుకుని నవ్వుకునేదాన్ని. పైకి అంటే మా అత్తగారు సుబ్బరావమ్మ గారు నవ్వరు, ఆవిడ నవ్వకపోతే ఆ పూట కూరలో ఉప్పు ఎక్కువైనట్టు లెక్క. నిజానికి ఆ ఉద్యోగాన్ని మేమిద్దరం పంచుకున్నాం. డైరెక్టరు ఆయన, ఫిజికల్ నేను.

చీరాల పర్చూరు మధ్య మా ఊళ్ళో నేలంతా నల్లరేగడి. పత్తికి మంచిది, మిరపకి మంచిది, బట్టలకి మంచిది కాదు. వానకి అంటుకుంటుంది, ఎండకి నోరు తెరుస్తుంది. మా అత్తగారికంటే నయం, ఆవిడ అన్ని కాలాల్లోనూ నోరు తెరుస్తారు. ఆ నేల మీద పడి లేచిన జట్టు బట్టలన్నీ మా ఇంటికొచ్చేవి. చిన్న కాలేజీ కదా, మగపిల్లలకి వాలీబాల్, కబడ్డీ, ఆడపిల్లలకి ఖోఖో, అంతే మా క్రీడా ప్రపంచం. క్రికెట్ కూడా ఉండేది కానీ బంతి ఒకసారి మిరపతోటలోకి వెళ్ళి తిరిగి రాలేదు. కాలేజీకి చాకలి ఖర్చెందుకని మొదట్లో ఏదో ఒక ఏడు ఆయన తెచ్చి పడేశారు, నేను ఉతికాను. ఒకసారి ఉతికితే సాయం, రెండోసారి ఉతికితే మంచితనం, మూడోసారి నుంచి అది సృష్టి మొదలైనప్పటినుంచీ నా పని. ఎవరి చెమటో నేను వాసన పట్టి చెప్పగలిగే స్థితికి వచ్చాను. మా అమ్మాయి గుంటూరు హాస్టల్లో ఇంటర్ చదువుతూ, “నువ్వు మా వార్డెన్ కంటే ఎక్కువమంది పిల్లల బట్టలు చూస్తావమ్మా,” అనేది.

ఉతుకుడు ఒక్కటే అయితే ఈ కథ పంపు దగ్గరే ఆగిపోయేది. ఆడపిల్లల జట్టు ఊరు దాటి ఆడాలంటే వెంట ఒక ఆడమనిషి ఉండాలని రూలు. ఆడపిల్ల ఆడాలంటే ఆడదాని తోడు, ఆడించేది మాత్రం మగవాళ్ళు. మా కాలేజీలో ఉన్న ఇద్దరు లేడీ లెక్చరర్లలో ఒకావిడకి చంటిపిల్ల, రెండో ఆవిడకి చండశాసనుడైన మామగారు. అందుకని ప్రతి ఏడూ కాగితం మీద ‘లేడీ మేనేజర్, శ్రీమతి త్రినాథ్’ అని రాసేవారు. శ్రీమతి త్రినాథ్ ఎవరో అనుకున్నాను మొదటిసారి. నేనేనట. నాగజ్యోతి అని నాకొక పేరుందని రాసేవాళ్ళకి తట్టలేదు, రాయించినాయనకీ తట్టలేదు. తడితే తడిబట్టలు ఆరేస్తూ నేనే గుర్తు చెయ్యాలి కాబోలు.

కానీ ఇక్కడే నా బుర్ర తిరిగేది. ఆ మూడు నాలుగు రోజులంటే నాకు ప్రాణం. ఏ ఊరి కాలేజీలోనో క్లాసురూములో బెంచీలు పక్కకి జరిపి చాపలేసుకుని పిల్లలతో పడుకోవడం, “మేడమ్, నా జడ కొంచెం బిగించరా,” అంటూ వరసగా కూర్చునే తలలు, పొద్దున ఎవరో పెట్టిన టిఫిను ఎవరో కడిగే ప్లేట్లో తినడం. ఏడాది మొత్తంలో నాకు కాఫీ ఇంకొకరు కలిపి ఇచ్చేది అప్పుడే. మా ఆయన, “నీకూ ఓ ఆటవిడుపు అయినట్టుంటుంది,” అనేవారు. నిజమే కదా అనిపించేది. ఇది నాకు చేస్తున్న ఉపకారమా, నేను చేస్తున్న ఉద్యోగమా? ఉద్యోగమైతే జీతమేది, ఉపకారమైతే గ్లూకోజు పొట్లాలూ నీళ్ళబిందే మోసుకుని నేనెందుకు పరిగెడుతున్నాను? అడగడానికి ఎవరూ లేక నన్నే అడుక్కునేదాన్ని, నేను నాకు సరైన జవాబు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఏడు, అంటే రెండువేల రెండులో, వాలీబాల్ జట్టు దసరాకి ముందే కప్పు తెచ్చింది. కాలేజీలో మా ఆయనకి శాలువా కప్పారు. వాలీబాల్లో సర్వీసు చేస్తే పాయింటొస్తుంది, ఇంట్లో సర్వీసు చేస్తే పాయింటవుట్ చేస్తారు అని నేను మొదటి వరసలో కూర్చుని అనుకుంటూ చప్పట్లు కొట్టాను. ఆ శాలువా కూడా చివరికి నా బకెట్లోకే వచ్చింది.

దసరా సెలవుల్లో జాస్మిన్ ఇంటికొచ్చింది. మూడేళ్ళు మా ఖోఖో జట్టులో ఆడిన పిల్ల. వాళ్ళ నాన్న ఎలీషా చర్చిలో గంట కొడతాడు, పగలు పత్తిచేలకి వెళ్తాడు. ఇది పీడీ కోర్సు బీపీఈడీ పూర్తి చేసి వచ్చింది. గుమ్మంలో నిలబడి చెప్పులు తియ్యడానికి కూడా తడుముకుంటోంది.

“లోపలికి రావే. పరాయిదానిలా ఏంటది?”

“మేడమ్, కాలేజీలో ఆడపిల్లలకి పార్ట్‌టైం లేడీ పీడీని వేద్దామని కమిటీలో అనుకున్నారంట. సార్‌తో ఓ మాట చెప్తారా? జీతం తక్కువైనా పర్లేదు మేడమ్, అనుభవం పనికొస్తది.”

“చెప్తానే. నువ్వు కాక ఇంకెవరున్నారు ఈ ఊళ్ళో,” అన్నాను. వేడిగా ఉన్న సున్నుండ చేతిలో పెట్టి పంపాను. రాత్రి అన్నం వడ్డిస్తూ చెప్తే మా ఆయన ఆనందంగా నవ్వారు.

“మీటింగులో నేనే చెప్పాను జ్యోతీ, లేడీ పీడీ మా ఇంట్లోనే ఉందిగా, మళ్ళీ పోస్టెందుకని. ప్రిన్సిపాల్ రామాంజనేయులు గారైతే, ‘త్రినాథ్‌కి పెళ్ళి చేసినవాళ్ళు కాలేజీకి మేలు చేశారయ్యా,’ అన్నారు. అందరూ ఒకటే నవ్వు.”

ముందు నాకు సంతోషమే వేసింది. కమిటీలో నా ప్రస్తావన వచ్చిందట, నా గురించి పెద్దవాళ్ళు నవ్వుకున్నారట. చారు పోస్తుంటే ఆ సంతోషం ఎక్కడో అడుగంటిన వాసన కొట్టింది. ఏం మాడిందో తెలియలేదు. నన్ను మెచ్చుకున్నారు, దాంతో ఇంకో పిల్లకి ఉద్యోగం పోయింది. ఈ రెండింటికీ మధ్య ఉండాల్సిన లంకె నా చేతికి దొరికీ దొరక్కుండా జారిపోయింది. “అయ్యో, ఆ పిల్లకి నేను చెప్తానన్నానే,” అన్నాను. “దానికి గుంటూరులో ఏ స్కూల్లోనో దొరుకుతుందిలే. కొంచెం పెరుగెయ్యి,” అన్నారాయన.

సంక్రాంతి పోయాక కారం కాయలు కొనడానికి అత్తగారితో ఊరి బయట గోడౌనుకి వెళ్ళాను. లోపల ఆడవాళ్ళంతా మూతికి చెంగులు చుట్టుకుని మిరప రాశుల ముందు వరసగా కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఘాటుకి కళ్ళు తెరవలేక నేను తుమ్ముతుంటే ఒక చెంగు వెనకనించి, “మేడమ్, ఇటు గాలి వైపుకి రండి,” అంది. జాస్మిన్.

“నువ్వేంటే ఇక్కడ?”

“ఖాళీగా ఉండి ఏం చేస్తాం మేడమ్. అమ్మతో వస్తున్నా.” నా వెనక ఉన్న అత్తగారితో, “ఆ రాశిలో తీసుకోండి మామ్మగారూ, మచ్చకాయ లేదు,” అని చూపించింది.

“ఆ ఉద్యోగం సంగతి...” అని నేను నసిగాను.

“ప్రిన్సిపాల్ గారిని కలిశాను మేడమ్. మీరుండగా ఇంకో మనిషి దేనికమ్మా అన్నారు. నిజమే కదా మేడమ్.”

అందులో ఎత్తిపొడుపు ఉంటే ఎంత బాగుండేది. పొడిస్తే నేనూ ఎత్తుకునేదాన్ని. ఆ పిల్ల నిజంగానే నిజమే కదా అంది. మండుతున్న వేళ్ళని పమిటకి తుడుచుకుని మళ్ళీ కాయ అందుకుంది. నేను ఇన్నేళ్ళూ నా జీతం మాత్రమే పోతోందనుకున్నాను. ఊరికే చేసేదాన్ని నేనుంటే, డబ్బులిచ్చి ఇంకొకదాన్ని ఎవడు పెట్టుకుంటాడు? నా మంచితనం ఆ పిల్ల కంచంలో చెయ్యి పెట్టిందన్నమాట. అలాగని నేను చెడ్డదాన్నా? నేను కూడా తినలేదే ఆ కూడు. మరి తిన్నదెవరు? రిక్షాలో మిరపబస్తా ఒళ్ళో పెట్టుకుని ఇదే ఆలోచన. అత్తగారు మాత్రం, “బేరం బాగా కుదిరింది,” అన్నారు. నాకైతే ఏదీ కుదర్లేదు.

ఆ కాయల్నే మేడ మీద ఎండబోశాం. ఆ మర్నాటికి కబడ్డీ పోటీలు మా కాలేజీలోనే, ఆ ఏడు అన్నీ వెనక్కి జరిగి మాఘమాసంలోకి వచ్చాయి. జెర్సీలు ఉతికి అదే మేడ మీద దండేల మీద ఆరేశాను. సాయంత్రం మా అత్తగారు పైకెళ్ళి, మంచుకి కాయ నల్లబడుతుందని, చేతికందిన పొడిబట్టల్ని తీసి రాశి మీద కప్పారు. పొద్దున మళ్ళీ పైకెళ్ళి, వాటిని దులిపి దండెం మీద వేశారు. ఆవిడ దృష్టిలో బట్ట బట్టే, అందులో జట్టు లేదు. అది తెలీక నేను మడతలు పెట్టి పంపాను.

ఎండెక్కేదాకా బాగానే ఉంది. చెమట పట్టడం మొదలయ్యాక మా వాడు కూతకి వెళ్ళి కబడ్డీ కబడ్డీ అనబోయి అబ్బా అబ్బా అన్నాడు. వీపు గోకాలంటే చేతులు ఖాళీ లేవు. పట్టుకున్న అవతలివాళ్ళు కళ్ళు నలుపుకుని వదిలేశారు, దాంతో మాకు నాలుగు పాయింట్లు వచ్చాయి కూడా. అవతలి కోచ్, “ఇదేం ఎత్తండీ, రూల్సులో ఉందా?” అని గోల. తర్వాత మా వాళ్ళే ఒక్కొక్కరూ గీత దాటి నీళ్ళకుండీ వైపు పారిపోయారు. గీత దాటినవాడు అవుటు కదా, జట్టంతా అవుటు.

ఆ సాయంత్రం స్టాఫ్‌రూములో నలుగురి ముందూ మా ఆయన, “మా ఆవిడ పొరపాటండీ, నాగజ్యోతి చూసుకోలేదు,” అన్నారట. ఇన్నేళ్ళకి కాలేజీలో నా సొంత పేరు వినపడింది. కప్పు తెచ్చినప్పుడు శ్రీమతి త్రినాథ్ కూడా లేదు, ఓడినప్పుడు పూర్తి పేరు. అందరికీ కారం తగిలింది, కారణం మాత్రం నేనొక్కదాన్నే.

“కప్పింది అత్తయ్యగారండీ,” అన్నాను ఇంటికొచ్చాక.

“అమ్మకేం తెలుసు. బాధ్యత నీది కదా.”

“నాదా?”

“మరెవరిది? కాలేజీ బట్టలు ఇన్నేళ్ళుగా ఎవరు చూస్తున్నారు?”

ఆయన కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు అన్నారు. బాధ్యత నాది, పోస్టు లేదు. పొరపాటు నాది, పేరు లేదు. వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఉంటే ఒకదాంట్లో ఒకటి పట్టకుండా ఉన్నాయి. అత్తగారు వచ్చి పక్కన నిలబడి, “మొగుడి ఉద్యోగం నిలబెట్టడం కూడా కాపురమేనే,” అన్నారు, సముదాయింపుగానే. “మీ మామగారు తాలూకాఫీసులో ఉన్నప్పుడు రాత్రుళ్ళు ఆఫీసు లెక్కలు రాస్తుంటే నేనే లాంతరు పట్టుకునేదాన్ని.” ఆవిడ పట్టుకున్న లాంతరు వెలుగు ఎవరి మీద పడేదో ఆవిడకీ తెలిసినట్టు లేదు. మొదటిసారి నాకు ఆవిడ మీద కోపం రాలేదు, రాకపోవడం వల్ల ఇంకా గందరగోళం.

తర్వాతి వారమే పొన్నూరులో ఖోఖో పోటీలు. “ఎల్లుండి బయల్దేరడం, నీ సంచి సర్దుకో,” అన్నారాయన.

“నేను రాను,” అన్నాను. అంటానని నాకూ తెలీదు.

“ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది. జాస్మిన్‌ని తీసుకెళ్ళండి. ఉద్యోగం ఇచ్చి తీసుకెళ్ళండి.”

ఆయన నవ్వారు. నేను నవ్వకపోయేసరికి చొక్కా వేసుకుని వెళ్ళి ప్రిన్సిపాల్ గారిని వెంటబెట్టుకొచ్చారు. ఆయన కాఫీ తాగి, చెల్లెలికి చెప్పినట్టు చెప్పారు. “పేర్లు పంపించేశాం, వెళ్ళకపోతే వచ్చే ఏడు మన ఆడపిల్లల్ని రానివ్వరు. ఈ టైములో ఇలా పట్టుబట్టి కూర్చుంటే, ఇది బ్లాక్‌మెయిల్ కాదామ్మా?”

“వెనకనించి కాదుగా సార్, ఎదురుగానే చెప్తున్నాను. దీన్ని వైట్‌మెయిల్ అనుకోండి.”

“నీకు నవ్వులాటగా ఉందా?” అన్నారు మా ఆయన.

లేదు. నా నోటికి జోకు తప్ప ఇంకో ఆయుధం పట్టడం రాదు. మా ఆయన తగ్గి, “నువ్వు లేకపోతే నాకు చెయ్యి విరిగినట్టే జ్యోతీ,” అన్నారు. ఆ మాట ఆయన ప్రేమగా అన్నారని నాకు తెలుసు, అందుకే అంత బాధేసింది. చెయ్యి విరిగితే కట్టు కట్టిస్తారు, చేతికి జీతమెవరిస్తారు?

అంతకంటే కష్టం సాయంత్రం వచ్చింది. జట్టులో అందరికంటే బాగా పరిగెత్తే షాజాదీ ఏడుస్తూ వచ్చింది. “మేడమ్, మీరొస్తున్నారంటేనే మా అబ్బా పంపిస్తానన్నాడు. నిఖాకి ముందు నాకిదే ఆఖరి ఆట మేడమ్.” దాని వెనకే జాస్మిన్. “మీరు వెళ్ళండి మేడమ్. నా గురించి వీళ్ళు ఆగిపోతే ఈ ఊళ్ళో నేనెట్టా తిరగను?”

“నువ్వు కాసేపు నోరు మూసుకోవే,” అన్నాను. దాని మంచితనం చూస్తే నా మంచితనం అద్దంలో కనపడినట్టుంది. ఎవరికోసం చేస్తున్నానో వాళ్ళే వద్దంటున్నారు. ఎవరి ఆట కోసం ఇన్నేళ్ళు మోశానో వాళ్ళ ఆటే నా వల్ల ఆగేలా ఉంది. ఒప్పుకుంటే అందరికీ సుఖం, నాకు కూడా. చాప, కబుర్లు, ఇంకొకరు కలిపిన కాఫీ. నాకు ఉన్న ఒక్క ఆటవిడుపునీ నేనే ఎందుకు వదులుకుంటున్నానో, అది న్యాయమో నా మొండితనమో, ఆ క్షణంలో ఎవరైనా చెప్తే వినేదాన్ని. ఎవరూ చెప్పలేదు.

షాజాదీ వాళ్ళ నాన్న మీరా హుస్సేన్ బస్టాండు దగ్గర టైర్లకి పంక్చర్లు వేస్తాడు. నేనే వెళ్ళాను.

“జాస్మిన్ వెళ్తుందండీ పిల్లలతో. నా కంటే నయం. కాలు బెణికితే నేను బామ్ రాస్తాను, ఆ పిల్లకి కట్టు కట్టడం వచ్చు.”

“ఎలీషా కూతురేగా, ఎరుగుదుంలే. మరి తమరెందుకు రావట్లేదమ్మా?”

నోట్లో ఒక జోకూ లేదు. “నాకూ సరిగ్గా తెలీదండీ,” అన్నాను. ఆయన గాలి ట్యూబుని నీళ్ళలో ముంచి బుడగలు చూస్తూ, “సరే, పంపిస్తాలే అమ్మా,” అన్నాడు. ఏం అర్థమైందో.

మర్నాడు ఇంకో ఆడమనిషి దొరక్క ప్రిన్సిపాల్ గారు జాస్మిన్‌కి పార్ట్‌టైం ఆర్డరు ఇచ్చారు, వచ్చే ఏడు కూడా ఉంటుందని రాయించుకోమని నేను చెప్పి పంపితే అదీ గొణుక్కుంటూ రాశారట. జట్టు వెళ్ళిపోయింది. మా ఆయన వెళ్తూ నాతో మాట్లాడలేదు. సంచి తనే సర్దుకున్నారు, బనీన్లు మర్చిపోయారు. నేను గుర్తు చెయ్యలేదు, దానికీ ఆ పూటంతా మనసు పీకింది.

మూడోరోజు ఫైనలని జాస్మిన్ ఫోను బూత్ నించి పక్కింటికి కబురు చేసింది. పొయ్యి కట్టేసి చీర మార్చుకున్నాను.

“ఎక్కడికి?” అన్నారు అత్తగారు.

“పొన్నూరు.”

“నిన్ను పంపలేదుగా?”

“పంపలేదు కాబట్టే. అన్నం వండాను, మజ్జిగ చిలికాను. రాత్రికి వచ్చేస్తాను.”

ఆవిడ నోరు తెరిచేలోపే గుమ్మం దాటాను. బాపట్ల మీదుగా బస్సులో ఒక్కదాన్నే. ఒళ్ళో గ్లూకోజు పొట్లాలు లేవు, నీళ్ళబిందె లేదు, లెక్కపెట్టుకోవాల్సిన తలలు లేవు. ప్రతి స్టాపులోనూ ఏదో మర్చిపోయినట్టు ఉలిక్కిపడి కాళ్ళ దగ్గర తడుముకున్నాను.

గ్రౌండు చుట్టూ కట్టిన తాళ్ళ బయట సిమెంటు మెట్ల మీద కూర్చున్నాను. అవతల టేబుల్ దగ్గర మా ఆయన, నన్ను చూడలేదు. మా పిల్లలు గీతల మీద ఒకళ్ళు ఇటు ఒకళ్ళు అటు తిరిగి కూర్చున్నారు. జడలన్నీ బిగుతుగా ఉన్నాయి. ఎవరు బిగించారో తెలుస్తూనే ఉంది, గుండెలో ఎక్కడో చిన్న ముల్లు. జాస్మిన్ గీత పక్కన నిలబడి అరుస్తోంది. షాజాదీ పడి లేచి, మోకాలు దులుపుకుని, దిక్కులు చూసింది. నేను సగం లేచాను. కానీ అది చూసింది జాస్మిన్ వైపు. జాస్మిన్ ఏదో సైగ చేసింది, అది మళ్ళీ పరుగందుకుంది. నేను లేచిన సగాన్ని ఏం చెయ్యాలో తెలీక కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఏడుపొస్తోందో నవ్వొస్తోందో కూడా.

చీరకి బ్యాడ్జీ పెట్టుకున్న ఒకావిడ కుర్చీలు సర్దుతూ వచ్చి, “మీరు ఎవరి తాలూకండీ? మేనేజర్లకి అటువైపు వేశాం,” అంది.

పీడీ గారి తాలూకు, కాలేజీ తాలూకు, పిల్లల తాలూకు, అన్నీ నాలుక చివరిదాకా వరసగా వచ్చాయి.

“ఎవరి తాలూకూ కాదండీ,” అన్నాను. “ఆట చూద్దామని వచ్చాను.”